జినోమ్ వ్యాలీ గేటు దాటి సైన్స్ మన గెట్టు మీదికి రావాలి

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ వైపు పోతుంటే తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీ మొదలవుతుంది. తుర్కపల్లి, కొల్తూరు, లాల్‌గడి మలక్‌పేట రైతులు పాల క్యాన్లతో, కూరగాయల ఆటోలతో రోజూ ఆ గేట్ల ముందు నుంచే పట్నం పోతారు. లోపల ఏం చేస్తారని అడిగితే "మందులు, టీకాలు" అంటాం. అంతకు మించి మనకెవరూ చెప్పలేదు. మనమూ గట్టిగా అడగలేదు. ఆ అడగాల్సిన మాటలే ఈ నెల రాస్తున్నాం.

ముందే ఒక సంగతి చెప్పుకుందాం. రైతు సంఘం నోరు తెరిస్తే "వీళ్లు సైన్స్‌కు వ్యతిరేకులు" అనేవాళ్లు ఉన్నారు. అది అబద్ధం. ఈ పదేళ్లలో పరిశోధన ఎంత ముందుకు పోయిందో మనం చూస్తూనే ఉన్నాం. జీవకణంలోని జన్యువును కత్తిరించి సరిచేసే క్రిస్పర్ పద్ధతికి 2020లో రసాయన శాస్త్రం నోబెల్ వచ్చింది. కరోనా టీకాలకు దారి చూపిన ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు 2023లో వైద్య నోబెల్ వచ్చింది. 2025 రసాయన శాస్త్రం నోబెల్ అయితే లోపల కోట్లాది సూక్ష్మ గదులున్న కొత్త రకం పదార్థాలకు ఇచ్చారు. ఆ పదార్థాలతో ఎడారి గాలిలోంచి కూడా నీళ్లు పట్టి చూపించారు. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన మనకంటే ఈ వార్త విలువ ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి సైన్స్ కావాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఎవరి సమస్య మీద పరిశోధన జరుగుతోంది, ఎవరి పొలంలో పరీక్షించారు, హక్కు ఎవరి చేతిలో ఉంది, వదిలిన నీళ్లు ఎటు పోతున్నాయి? ఈ నాలుగింటికీ జవాబు కావాలి.

మనకు సైన్స్ నేర్పనక్కర లేదు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఎట్లుండేవో పెద్దమనుషులకు గుర్తుంది. అనాబ్-ఎ-షాహీ పందిళ్లు, ఆ తరువాత గింజలేని థామ్సన్ రకం. ఇప్పుడు ఆ తోటల చోట వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు. ఆ ద్రాక్ష రైతులు గుత్తులను జీఏ ద్రావణంలో ముంచి కాయ సైజు పెంచేవాళ్లు. జీఏ అంటే జిబ్బరెల్లిక్ ఆమ్లం. ఎన్ని లీటర్లకు ఎన్ని గ్రాములు, పిందె ఏ దశలో ఉన్నప్పుడు ముంచాలి అన్న లెక్క మన రైతుకు నోటికి వచ్చేది.

ఆ జిబ్బరెల్లిన్ ఎక్కడ పుట్టింది? వరి పొలంలో. జపాన్‌లో వరి మొలకలు పిచ్చిగా పొడుగు పెరిగి, గింజ పట్టకుండా పడిపోయే తెగులు ఉండేది. అది ఒక శిలీంధ్రం విడిచే పదార్థం వల్ల వస్తోందని కురొసావా అనే శాస్త్రవేత్త 1926లో చూపించాడు. 1930లలో ఆ పదార్థాన్ని వేరుచేసి దానికి పేరు పెట్టారు. అంటే రైతును ముంచిన తెగులే ఇంకో రైతుకు లాభం తెచ్చిన మందుకు దారి చూపింది. మేలైన పరిశోధన చాలాసార్లు ఇట్లనే పొలం గెట్టు మీద మొదలైంది.

మన దగ్గర కూడా అలాంటివి ఉన్నాయి. మనం "బీపీటీ" అని పిలిచే సాంబ మసూరి బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చింది. తినడానికి బాగుంటుంది, రేటు వస్తుంది, కానీ ఎండాకు తెగులుకు తట్టుకోదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చాయి. జన్యు మార్పిడి లేకుండా, సంకరం చేసి, ఏ పిలకలో ఆ జన్యువులు ఉన్నాయో ప్రయోగశాలలో గుర్తుపట్టి ఏరారు. 2008లో అది విడుదలైంది. తెలంగాణ సోనా కూడా రాజేంద్రనగర్‌లో తయారైందే. తక్కువ రోజుల్లో కోతకు వస్తుంది, అగ్గితెగులును తట్టుకుంటుంది, సన్న బియ్యం ఇస్తుంది. ఇవన్నీ ప్రజల సొమ్ముతో, ప్రభుత్వ సంస్థల్లో జరిగిన పనులు. ఈ విత్తనాన్ని మనం దాచుకున్నాం, పక్కింటి రైతుకు ఇచ్చాం, మళ్లీ చల్లుకున్నాం. ఎవరూ రాయల్టీ అడగలేదు.

బోయిన్‌పల్లి మార్కెట్ సంగతి చూడండి. అమ్ముడు పోని టమాట, ఆకుకూర, కుళ్లిన సొరకాయ ఒకప్పుడు అక్కడే కుప్ప పడి కంపు కొట్టేది. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతితో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త వేస్తే 500 యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. మార్కెట్ దీపాలకు, నీళ్ల మోటార్లకు అది పనికొస్తోంది. ఇది కూడా రసాయన శాస్త్రమే. కాకపోతే ఇది మన ముందర, మన చెత్త మీద, మన కళ్లకు కనిపించేటట్టు జరిగింది. అందుకే దాని మీద మనకు అనుమానం లేదు.

సీసాలో యూరియా చెప్పిన పాఠం

పొలంలో సరిగా పరీక్షించకుండా గొప్పలు చెప్పి అమ్మితే ఏమవుతుందో కూడా చూశాం. 2021లో ఇఫ్కో నానో యూరియా తెచ్చింది. 500 మిల్లీలీటర్ల సీసా 45 కిలోల యూరియా సంచితో సమానం అన్నారు. మోత బరువు తగ్గుతుంది, నేల బాగుపడుతుంది అన్నారు. మంచిదే. కానీ లెక్క మనమే వేసుకుందాం. సంచిలో నత్రజని 46 శాతం. అంటే 45 కిలోలకు దాదాపు 20 కిలోల 700 గ్రాములు. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం. అంటే 20 గ్రాములు. వెయ్యి వంతుల తేడా. ఆకు మీద చల్లితే వృథా తక్కువ కాబట్టి కొంచెమే చాలునని కంపెనీ వాదన. వృథా తక్కువైతే కావచ్చు. కానీ పైరుకు కావలసిన 20 కిలోల నత్రజని 20 గ్రాముల్లోంచి ఎట్లా వస్తుంది?

ఈ ప్రశ్నను మనమే కాదు, శాస్త్రవేత్తలూ అడిగారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించింది. మామూలు నత్రజని మోతాదు సగం తగ్గించి నానో యూరియా చల్లితే గోధుమ దిగుబడి 21.6 శాతం పడిపోయింది. వరిలోనూ తగ్గింది. గింజలో మాంసకృత్తులు కూడా తగ్గాయి. తయారు చేసినవాళ్లు మాత్రం తమ పరీక్షల్లో దిగుబడి పెరిగిందనే చెబుతున్నారు. ఇద్దరి మాటల్లో ఏది నిజమో అమ్మకం మొదలు కాకముందే తేలాల్సింది.

2025 వానాకాలంలో తెలంగాణ అంతటా రైతులు సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి యూరియా కోసం కాచుకున్నారు. అప్పుడే కొన్ని దుకాణాల్లో సంచి కావాలంటే సీసా కూడా కొనాల్సిందే అన్నారు. నచ్చి కొనేది వేరు, మెడ మీద పెట్టి కొనిపించేది వేరు. కొత్త పదార్థం నిజంగా పనిచేస్తే రైతుకు అంటగట్టాల్సిన పని ఉండదు. మంచి విత్తనం వచ్చిందంటే రైతే ఊరూరా వెతుక్కుంటూ పోతాడు.

'కమల' ఎవరి సొత్తు?

ఇప్పుడు ఇంకా పెద్ద విషయం మన గెట్టు దాకా వచ్చింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించారు. అందులో ఒకటి 'కమల'. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరినే తీసుకుని, క్రిస్పర్‌తో ఒక జన్యువును సవరించి చేసింది. కంకికి గింజలు పెరుగుతాయని, సగటున 19 శాతం ఎక్కువ దిగుబడి వస్తుందని, 20 రోజులు ముందే కోతకు వస్తుందని చెప్పారు. 20 రోజులు తగ్గితే రెండు మూడు తడులు మిగులుతాయి. బోరు కింద వరి పెట్టే మనకు అది చిన్న మాట కాదు.

బయటి జన్యువు ఏదీ చేర్చలేదు కాబట్టి దీనికి జన్యుమార్పిడి పంటల నిబంధనలు వర్తించవు. 2022 మార్చిలోనే కేంద్ర పర్యావరణ శాఖ ఆ మినహాయింపు ఇచ్చింది. కమల పరీక్షల అంకెల మీద కొన్ని సంఘాలు ప్రశ్నలు లేవనెత్తాయి. ఐసీఏఆర్ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. మేం ఈ రకం మంచిదనీ చెడ్డదనీ ముందే తీర్పు చెప్పం. కానీ ఏ కేంద్రంలో ఎంత దిగుబడి వచ్చింది, సాంబ మసూరి పక్కన పెడితే ఎంత తేడా వచ్చింది అన్నది కేంద్రం వారీగా తెలుగులో మన చేతికి ఇవ్వాలి. తీర్పు మనం చెప్పుకుంటాం.

రెండో ప్రశ్న పేటెంటుది. క్రిస్పర్ కత్తెర మీద విదేశీ సంస్థలకు పేటెంట్లు ఉన్నాయి. ప్రయోగశాలలో పరిశోధనకు వాడుకోవడం ఒకటి, దానితో చేసిన విత్తనాన్ని సంచిలో పోసి అమ్మడం ఇంకొకటి. అమ్మకం దాకా వచ్చేసరికి లైసెన్సు ఎవరు ఇస్తారు, ఏ షరతుల మీద, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ మనకు విత్తనం దాచుకునే, తిరిగి చల్లుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కమలకు కూడా పూర్తిగా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పమంటున్నాం.

ఇది ఉత్త భయం కాదు, బీటీ పత్తి నేర్పిన పాఠం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 2005 నాటికి 450 గ్రాముల ప్యాకెట్ మీద సాంకేతిక రుసుమే 1250 రూపాయల దాకా ఉండేది. రైతు సంఘాలు కదిలాయి. ఆనాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ ముందు కొట్లాడింది. ప్యాకెట్ ధర 750కి దిగింది. అంటే ఆ ధరకు కారణం సైన్స్ కాదు, లాభం. కొట్లాడితే దిగింది. తరువాత గులాబీ రంగు పురుగు ఆ బీటీకి కూడా అలవాటు పడింది. ఆ నష్టం ఏ కంపెనీ లెక్కల్లోకీ ఎక్కలేదు, మన అప్పుల లెక్కల్లోకి ఎక్కింది.

పేటెంటు లేకుండా కూడా గొప్ప పని చేయొచ్చు. దానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. అమెరికాలోని టెక్సాస్ పిల్లల ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు కరోనా టీకా పద్ధతిని పేటెంటు పెట్టకుండా ఇచ్చారు. శామీర్‌పేటలో ప్లాంటున్న బయోలాజికల్-ఇ దాన్ని కార్బెవాక్స్‌గా తయారు చేసింది. 2021 డిసెంబర్ 28న అనుమతి వచ్చింది. ఇక్కడే భారత్ బయోటెక్ ఐసీఎంఆర్‌తో కలిసి కోవాగ్జిన్ చేసింది. అందుకు వాడిన వైరస్‌ను వేరుచేసింది పుణేలోని ప్రభుత్వ సంస్థ. అదే టీకాకు 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు 1200 రూపాయల ధర ప్రకటించారు. రెండు టీకాలూ మన ఊళ్ల పొలిమేరలోనివే. సైన్స్ ఒకటే అయినా షరతులు వేరైతే ధర ఎట్లా మారుతుందో చూడటానికి ఇంత దూరం కూడా పోనక్కర లేదు.

గాలికుంటు టీకా మన కొట్టంలోకి వస్తోందా?

శామీర్‌పేట అవతల కర్కపట్లలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ప్లాంటు ఉంది. జాతీయ డెయిరీ అభివృద్ధి సంస్థకు చెందిన ఈ కంపెనీ దేశమంతటికీ గాలికుంటు టీకా ఇస్తుంది. పాల రైతుల ఉద్యమంలోంచి పుట్టిన సంస్థ అది. 2019లో కేంద్రం గాలికుంటును రూపుమాపే పథకం మొదలుపెట్టింది. ఆవులకు, బర్రెలకు ఆరు నెలలకోసారి టీకా ఉచితంగా వేయాలి. ఖర్చు మొత్తం కేంద్రానిదే. 2030కి ఈ జబ్బే లేకుండా చేస్తామన్నారు.

ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ప్లాంటు నుంచి మన కొట్టం దాకా ఆ చల్లదనం ఎక్కడ తెగినా సూది వేసినా వేయనట్టే. లోపల పనిచేసే శాస్త్రవేత్త ఎంత కష్టపడినా చివరి పది కిలోమీటర్లలో ఐస్ పెట్టె లేకపోతే, పశువైద్య సిబ్బంది లేకపోతే ఫలితం సున్నా. కాబట్టి పరిశోధనకు పెట్టే డబ్బుతోపాటు పశువైద్యశాలలో ఖాళీలు నింపే డబ్బు కూడా అడగాలి. ఈసారి టీకా వేసినప్పుడు తేదీ, బ్యాచ్ నంబరు రాయించుకోండి. ఈనిన బర్రెకు, చూడి బర్రెకు వేశారా లేదా అడగండి. ఆ కాగితం దాచుకోండి. రేపు జబ్బు వస్తే మనం మాట్లాడేది ఆ కాగితంతోనే.

పటాన్‌చెరు మర్చిపోవద్దు

చివరిది నీళ్ల సంగతి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద ప్రపంచ స్థాయి పరిశోధన అక్కడే జరుగుతోంది. అదే పటాన్‌చెరులో మందుల పరిశ్రమలు వచ్చాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఒక్కరోజులో ఆ కాలువలోకి పోయిన మందు స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో మింగేంత ఉందని లెక్క కట్టారు. అది శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతి!

ఇలాంటి నీళ్లలో పెరిగిన సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయి. అప్పుడు పొదుగు వాపు వచ్చిన బర్రెకు, జ్వరం వచ్చిన పసిబిడ్డకు అదే మందు పనిచేయదు. ఒకచోట మందు తయారు చేసి, ఇంకోచోట ఆ మందుకే పదును పోగొట్టినట్టు అవుతుంది.

జినోమ్ వ్యాలీలోనూ ఇదే జరుగుతోందని మేం అనడం లేదు. ఇక్కడ ఎక్కువ భాగం టీకాలు, పరిశోధన, పరీక్షల పని. కానీ జరగడం లేదని మనకు తెలిసేది ఎట్లా? శామీర్‌పేట చెరువు నీళ్లు, చుట్టుపక్కల బోర్ల నీళ్లు ఎవరు, ఎప్పుడు, వేటి కోసం పరీక్షించారో పంచాయతీ గోడ మీద రాసి ఉందా? ఎడారి గాలిలోంచి నీళ్లు తీసే కాలంలో చెరువు నీళ్లలో ఏముందో చెప్పడం అసాధ్యం కాదు.

"ఉద్యోగాలు రాలేదా?" అని అడుగుతారు. వచ్చాయి. మన పిల్లలు కొందరు ల్యాబుల్లో, ఇంకొందరు ప్యాకింగ్‌లో, సెక్యూరిటీలో చేస్తున్నారు. మంచిదే. కానీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చినంత మాత్రాన ఊరికి చెప్పాల్సిన లెక్క చెల్లిపోదు.

మన డిమాండ్లు

1. ఎరువు, విత్తనం, మందు ఏది కొత్తగా వచ్చినా మన నేలల్లో చేసిన పరీక్షల ఫలితాలు, దిగుబడి తగ్గిన చోట్లతో సహా, తెలుగులో రైతు వేదికలో చదివి వినిపించాలి. ఆ తరువాతే అమ్మకం.

2. యూరియా సంచితో ఇంకేదీ అంటగట్టొద్దు. అంటగట్టిన దుకాణం లైసెన్సు రద్దు చేయాలి.

3. ప్రజల సొమ్ముతో తయారైన జన్యు సవరణ రకాల లైసెన్సు షరతులు బయటపెట్టాలి. 39వ సెక్షన్ హక్కులు వాటికి పూర్తిగా వర్తిస్తాయని ప్రకటించాలి.

4. జినోమ్ వ్యాలీ చుట్టూ ఉన్న ప్రతి ఊరిలో చెరువు, బోరు నీళ్లను ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా, యాంటీబయాటిక్‌లతో సహా పరీక్షించాలి. కాలుష్య నియంత్రణ మండలి ఆ ఫలితాలు ఊళ్లోనే పెట్టాలి.

5. గాలికుంటు టీకా వేసే రోజును ముందుగా చాటింపు వేయాలి. పశువైద్య సిబ్బంది ఖాళీలు నింపాలి. టీకా రాని కొట్టాల లెక్క తీయాలి.

6. ఏడాదికి ఒకరోజు జినోమ్ వ్యాలీ సంస్థలు రైతులకు తలుపులు తెరవాలి. లోపల ఏం చేస్తున్నారో మన భాషలో చెప్పాలి, మన ప్రశ్నలు రాసుకోవాలి.

ఈ ఆరింటిలో ఒక్కటి కూడా సైన్స్‌ను ఆపేది కాదు. సైన్స్‌ను నమ్మేటట్టు చేసేవే అన్నీ. తెగులు పట్టిన వరి మొలకలోంచి ద్రాక్ష గుత్తిని పెంచే మందు వచ్చింది. సాంబ మసూరికి వచ్చిన ఎండాకు తెగులు సీసీఎంబీ ల్యాబు దాకా పోయి మందు తెచ్చుకుంది. గెట్టుకూ ల్యాబుకూ మధ్య దారి ఒకప్పుడు ఉంది. దాన్ని మూసింది మనం కాదు.

సభ్యులు ఈ వ్యాసాన్ని ఊళ్లో చదివి వినిపించండి. వచ్చే సమావేశానికి మీ బోరు నీళ్ల పరీక్ష కాగితం ఏదైనా ఉంటే తెండి, పశువుల టీకా కార్డులు తెండి, ఎరువుల దుకాణం బిల్లులు తెండి. ఉత్త మాటలతో పోతే "రైతులు ఆవేశపడుతున్నారు" అంటారు. కాగితాలతో పోదాం. వాళ్ల దగ్గర ఉన్న కాగితాలు కూడా చూపించమని అడుగుదాం.